తప్పిన లెక్క: రిచర్డ్‌సన్ వాతావరణ గణితం

ఏటి ఒడ్డున నిలబడి నీటిని చూస్తూ ఉంటే ప్రవాహం ఎంతో సులభమైన విషయంగా కనిపిస్తుంది. నీరు పల్లానికి పోతుంది. రాయి అడ్డం వస్తే చీలుతుంది. దాని వెనుక సుడి తిరిగి మళ్లీ కలుసుకుంటుంది. కాని ఆ సుడి ఒక నిమిషం తరువాత ఎక్కడ ఉంటుందో, ఎంత వేగంతో తిరుగుతుందో ముందుగా చెప్పమంటే గొప్ప గణితశాస్త్రజ్ఞుడు కూడా తటపటాయిస్తాడు. నీటికి, గాలికి వర్తించే చలన సూత్రాలు తెలియక కాదు. 18వ శతాబ్ది మధ్యలోనే ఆయిలర్ ఆ సమీకరణాలను రాశాడు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో నావియే, స్టోక్స్ అనే శాస్త్రజ్ఞులు స్నిగ్ధతను కూడా చేర్చి వాటిని పూర్తిచేశారు. సమీకరణాలు ఉన్నవి. వాటిని సాధించటమే కష్టం. గాలి వేగం గాలినే మోసుకొనిపోతుంది. ఆ మోతవల్ల వేగం మారుతుంది. మారిన వేగం తిరిగి మోతను మారుస్తుంది. ఈ చిక్కుముడివల్ల కొద్ది సరళమైన సందర్భాలలో తప్ప ఒక సూత్రంగా జవాబు రాయటం సాధ్యం కాదు.

అయితే ఇంజనీరు ఆనకట్ట కట్టాలి. వాతావరణశాఖ తుపాను దారిని చెప్పాలి. సూత్రం దొరికేదాకా వారు ఆగలేరు. అందుచేత 20వ శతాబ్దిలో మరొక మార్గం బలపడింది. ప్రవాహాన్ని చిన్న చిన్న గళ్లుగాను, కాలాన్ని చిన్న చిన్న అంగలుగాను విభజిస్తారు. సమీకరణాలను వట్టి కూడికలు, తీసివేతలు, గుణకారాలుగా మారుస్తారు. ఒక్కొక్క అంగలో ఒక్కొక్క గడికి లెక్క కట్టుకుంటూ పోతారు. దీనినే సంఖ్యాత్మక పద్ధతి అంటున్నాం. నేడు విమానపు రెక్కమీది గాలిని, గుండెలోని రక్తాన్ని, సముద్రంమీది తుపానును ఈ విధంగానే లెక్కిస్తున్నారు. ఇంత ఉపయోగపడే పద్ధతిని వాతావరణమంతటికీ అన్వయించిన మొట్టమొదటి ప్రయత్నం పూర్తిగా విఫలమయింది. ఆ వైఫల్యం కథ తెలుసుకోదగినది.

బురదనేలనుంచి ఆనకట్టకు

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో క్వేకరు కుటుంబంలో జన్మించాడు. క్వేకరులు క్రైస్తవులలో ఒక శాఖ. యుద్ధాన్ని నిరాకరించటం వారి ముఖ్య నియమాలలో ఒకటి. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథలో దీని ప్రసక్తి మళ్లీ వస్తుంది.

కేంబ్రిడ్జిలో చదువు ముగిసిన తరువాత రిచర్డ్‌సన్ కొంతకాలం పీట్ పరిశ్రమలో పనిచేశాడు. నాచు, మొక్కలు కుళ్లి వేల సంవత్సరాలుగా పేరుకొనగా ఏర్పడిన తడినేలను పీట్ అంటారు. ఆరబెడితే అది వంటచెరకువలె మండుతుంది. అటువంటి నేలలో వాననీరు సరిగా తీసిపోవాలంటే కాలువలను ఎట్లా తవ్వాలి అన్నది ఆయనకు ఎదురైన ప్రశ్న. నేలలో నీరు ఊరే తీరుకు సమీకరణం ఉన్నది. కాని హద్దులు వంకరటింకరగా ఉన్నప్పుడు పుస్తకాలలోని సాధనలు సరిపోవు. అప్పుడు ఆయన పరిమిత వ్యత్యాసాల మార్గాన్ని పట్టుకున్నాడు.

ఈ మార్గం సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. అవకలన గణితంలో వాలు అంటే ఏమిటి? రెండు బిందువుల ఎత్తులలోని తేడాను వాటి మధ్య దూరంతో భాగించి, ఆ దూరాన్ని అంతులేకుండా తగ్గిస్తూ పోతే వచ్చే అవధి. పరిమిత వ్యత్యాసాల పద్ధతిలో అవధివరకు పోనవసరం లేదు. పది గజాల దూరంలోని రెండు బిందువుల ఎత్తులలో తేడా తీసి, పదితో భాగించి, అంతటితో తృప్తిపడతాం. జవాబులో కొంత దోషం ఉంటుంది. గళ్లను చిన్నవి చేసేకొద్దీ దోషం తగ్గుతుంది. నేల ఎంత వంకరగా ఉన్నా బాధ లేదు. గుణించే ఓపిక ఉంటే చాలు.

1910లో రాయల్ సొసైటీలో చదివిన ఒక పత్రంలో రిచర్డ్‌సన్ ఈ పద్ధతిని వివరించి, ఈజిప్టులోని అస్వాన్ ఆనకట్ట రాతికట్టడంలో కలిగే ఒత్తిడులను లెక్కకట్టి చూపించాడు. లెక్కలు చేయటానికి కుర్రవాళ్లను పెట్టుకొని, అంకెలనుబట్టి పెన్నీలలో కూలి ఇచ్చాడు. తప్పు చేసిన లెక్కకు కూలి లేదు! ఉజ్జాయింపు జవాబులతో సరిపెట్టుకొనే ఈ గణితం ఆనాటి కేంబ్రిడ్జి పండితులకు అంతగా రుచించలేదు.

గాలికి గళ్లు

1904లో నార్వే శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ ఒక సాహసమైన మాట అన్నాడు. ఈ క్షణాన వాతావరణం ఏ స్థితిలో ఉన్నదో సరిగా తెలిస్తే, భౌతికశాస్త్ర నియమాలద్వారా రేపటి స్థితిని గణించవచ్చునన్నాడు. అంతవరకు వాతావరణ జోస్యం ఒక అనుభవవిద్య. నేటి పటాన్ని పాత పటాలతో పోల్చి, అప్పుడు జరిగిందే ఇప్పుడూ జరుగుతుందని చెప్పేవారు. బ్యెర్క్‌నెస్ కోరింది లెక్క.

1913లో రిచర్డ్‌సన్ స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధికారిగా వచ్చాడు. బురదనేలకు, ఆనకట్టకు పనికివచ్చిన పద్ధతి గాలికి మాత్రం ఎందుకు పనికిరాదని ఆలోచించాడు. యూరపు పటంమీద చదరంగపు బల్లవలె, ఒక్కొక్కటి సుమారు 200 కిలోమీటర్ల గళ్లు గీశాడు. ఒక గడిలో గాలి పీడనం, దాని పక్క గడిలో గాలి వేగం లెక్కించే ఏర్పాటు చేశాడు. నేలనుంచి పైవరకు గాలిని ఐదు పొరలుగా విభజించాడు. కాలాన్ని 3 గంటల అంగలుగా తీసుకున్నాడు. గాలి కదలిక, ఉష్ణం, తేమ, నేలనుంచి లేచే ఆవిరి మొదలైనవన్నీ లెక్కలో చేర్చటానికి ప్రయత్నించాడు.

యుద్ధభూమిలో గణితం

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. తుపాకి పట్టటం రిచర్డ్‌సన్ మతానికి విరుద్ధం. అట్లా అని ఇతరులు చస్తూ ఉంటే ఇంట్లో కూర్చోనూ లేకపోయాడు. 1916లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, క్వేకరులు నడిపే క్షతగాత్రుల సహాయదళంలో చేరాడు. ఫ్రెంచి సైన్యంవెంట ఉండి, గాయపడినవారిని మోటారు అంబులెన్సులో మోసుకొనివచ్చే పని ఆయనకు దొరికింది.

విశ్రాంతి దొరికిన వేళల్లో, చలిలో, తడిసిన బసలో, గడ్డికుప్పమీద కాగితాలు పరచుకొని ఆయన తన పద్ధతికి ఒక పరీక్ష పెట్టాడు. జరగబోయే వాతావరణాన్ని కాక, జరిగిపోయిన ఒకరోజు వాతావరణాన్ని తీసుకున్నాడు. అది 1910 మే 20. ఆ రోజు యూరపులో అనేక స్థలాలనుంచి బెలూనులను ఎగురవేసి పైగాలులను కొలిచారు. ఆ కొలతలతో బ్యెర్క్‌నెస్ తయారుచేయించిన పటాలు రిచర్డ్‌సన్‌వద్ద ఉన్నవి. ఉదయం 7 గంటల స్థితిని ఆధారంగా తీసుకొని, జర్మనీలోని మ్యూనిక్ పరిసర ప్రాంతంలో 6 గంటల వ్యవధిలో పీడనం ఎంత మారుతుందో కనుక్కోవటం ఆయన ఉద్దేశం. స్లైడ్‌రూలు, సంవర్గమాన పట్టికలు తప్ప వేరే సాధనం లేదు. గణన పత్రాలు తయారుచేసి, రెండే రెండు గాలిస్తంభాలకు లెక్క పూర్తిచేయటానికి దాదాపు ఆరు వారాలు పట్టింది.

1917 ఏప్రిల్‌లో షాంపేన్ యుద్ధం జరుగుతున్నప్పుడు ఆ రాతప్రతిని భద్రంకోసం వెనుకకు పంపగా అది కనిపించకుండా పోయింది. కొన్ని నెలల తరువాత బెల్జియంలో ఒక బొగ్గుల కుప్ప కింద దొరికింది.

145 మిల్లీబారులు

లెక్క తేలిన ఫలితం ఏమిటి? 6 గంటలలో పీడనం 145 మిల్లీబారులు పెరగాలని వచ్చింది. అసలు ఆ రోజు అక్కడ బారోమీటరు దాదాపు కదలలేదు.

145 మిల్లీబారులు అంటే ఎంతో పాఠకులు ఊహించుకోవాలి. సముద్రమట్టంలో సాధారణ పీడనం సుమారు 1,013 మిల్లీబారులు. ఇంతవరకు సముద్రమట్టంలో నమోదయిన అత్యల్ప పీడనం 1979లో పసిఫిక్ సముద్రంలోని టిప్ అనే తుపాను కేంద్రంలో కొలిచిన 870 మిల్లీబారులు. సాధారణానికి, ఆ మహాతుపానుకు మధ్య ఉన్న తేడా 143. రిచర్డ్‌సన్ లెక్క ప్రకారం, ప్రశాంతమైన ఒక వసంతపు ఉదయాన అంతకు మించిన మార్పు కొద్ది గంటలలో జరగాలి!

ఎందుకు తప్పింది?

కూడికలోనో గుణకారంలోనో పొరపాటు కాదు. దోషం మొదట తీసుకున్న గాలి కొలతలలో ఉన్నదని రిచర్డ్‌సనే గ్రహించాడు. ఒక చోట పీడనం అంటే ఆ చోటుమీద నిలిచిన గాలిస్తంభం బరువు. గడిలోకి వచ్చే గాలికి, బయటికి పోయే గాలికి ఉన్న తేడానుబట్టి ఆ బరువు మారుతుంది. వచ్చేదీ పోయేదీ చాలా పెద్ద రాసులు. వాటి తేడా చాలా చిన్నది. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఒక చెరువులోకి కాలువద్వారా గంటకు 1,000 ఘనపుటడుగుల నీరు వస్తున్నదని, తూముద్వారా 990 ఘనపుటడుగులు పోతున్నదని అనుకుందాం. చెరువులో గంటకు 10 ఘనపుటడుగులు పెరుగుతుంది. వచ్చే నీటిని కొలవటంలో నూటికి ఐదు పాళ్లు పొరబడి 1,050 అని రాసుకుంటే, పెరుగుదల 60 అని తేలుతుంది. కొలతలో నూటికి ఐదు పాళ్ల దోషం జవాబును ఆరు రెట్లు చేసింది. దూరదూరంగా ఎగురవేసిన కొద్దిపాటి బెలూనులతో కొలిచిన గాలులలో అంతకన్న పెద్ద దోషాలే ఉంటాయి.

దీనిలో మరొక సూక్ష్మం ఉన్నది. ప్రకృతిలో ఎక్కడైనా గాలి కొంచెం ఎక్కువగా పోగుపడితే, చెరువులో రాయి వేసినప్పటివలె, అలలు పుట్టి ఆ ఎక్కువను నాలుగు దిక్కులకు పంచివేస్తాయి. వీటిని గురుత్వ తరంగాలు అంటారు. అవి చురుకుగా పైకి కిందికి ఊగి శమిస్తాయి. వాటివల్ల రేపటి వాతావరణం మారదు. కాని కొలతల దోషంవల్ల రిచర్డ్‌సన్ కాగితాలమీద బ్రహ్మాండమైన గురుత్వ తరంగాలు పుట్టాయి. ఆ క్షణాన ఊపు ఎటు ఉన్నదో చూసి, అదే ఊపు 6 గంటలపాటు సాగుతుందని ఆయన లెక్కించాడు. సముద్రపుటొడ్డున ఒక అల లేస్తున్న క్షణాన్ని చూసి, అదే వేగంతో సాయంత్రానికి నీరు తాడిచెట్టు ఎత్తు లేస్తుందని చెప్పటం ఇటువంటిదే.

అచ్చులో వైఫల్యం

ఇటువంటి జవాబు వచ్చినప్పుడు ఎవరైనా ఏమి చేస్తారు? కాగితాలను చింపివేస్తారు. లేదా ఉదాహరణను వదలి పద్ధతిని మాత్రమే ప్రకటిస్తారు. ఇంకా చతురులయితే, సరిపోయే మరొక రోజును వెతుక్కుంటారు. రిచర్డ్‌సన్ 1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన తన గ్రంథంలో 9వ అధ్యాయమంతా ఈ తప్పిన లెక్కకే కేటాయించాడు. ప్రతి అడుగూ పట్టికలలో అచ్చువేయించాడు. ఎవరైనా ఆ లెక్కను మొదటినుంచి మళ్లీ చేసి చూడటానికి వీలు కల్పించాడు.

అదే గ్రంథంలో ఆయన ఒక కలను కూడా వర్ణించాడు. గోళాకారమైన ఒక పెద్ద నాటకశాల. లోపలి గోడలనిండా ప్రపంచపటం. అంతస్తులు అంతస్తులుగా 64,000 మంది గణకులు కూర్చొని, ఎవరి గడి లెక్క వారు చేస్తూ ఉంటారు. మధ్య స్తంభంమీద నిలిచిన నాయకుడు, ముందుకు పరుగెత్తే ప్రాంతంమీద ఎర్రని కాంతిని, వెనుకబడే ప్రాంతంమీద నీలికాంతిని ప్రసరింపజేసి అందరినీ ఒక వరుసలో నడిపిస్తాడు. వాతావరణంతో సమానంగా పరుగెత్తటానికే అంతమంది కావాలని ఆయన అంచనా. నేడు వేలాది గణన విభాగాలు భూగోళాన్ని పంచుకొని ఏకకాలంలో లెక్కచేసే మహాకంప్యూటర్లను చూచినప్పుడు ఈ నాటకశాల గుర్తుకు రాక మానదు.

ఇంకొక సంఘటనను కూడా చెప్పాలి. 1920లో బ్రిటిషు వాతావరణశాఖ వైమానిక మంత్రిత్వశాఖ కిందికి వచ్చింది. యుద్ధానికి సంబంధించిన శాఖలో ఉండలేక రిచర్డ్‌సన్ మరొకసారి రాజీనామా చేసి, అధ్యాపక వృత్తిలో ప్రవేశించాడు. గాలిలో సుడుల వ్యాప్తిని గూర్చి ఆయన చేసిన పరిశోధనలు విషవాయువు ప్రయోగించేవారికి పనికివస్తున్నవని తెలిసి, ప్రకటించని కాగితాలను ఆయన నాశనం చేశాడని భార్య తరువాతి కాలంలో చెప్పింది. శేషజీవితంలో ఎక్కువ భాగం, యుద్ధాలు ఎందుకు వస్తాయో గణితంద్వారా తెలుసుకొనే ప్రయత్నంలో గడిపాడు.

గొట్టింగెన్ హెచ్చరిక

1928లో జర్మనీలోని గొట్టింగెన్‌కు చెందిన కూరాంట్, ఫ్రెడరిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు ఒక పత్రాన్ని ప్రకటించారు. వారి దృష్టి శుద్ధగణితంమీదనే ఉన్నది. కాని దానిలో ఒక షరతు తేలింది. ప్రవాహంలో అతివేగంగా పోయే తరంగం ఒక గడిని దాటటానికి పట్టే కాలంకన్న గణనలోని కాలపు అంగ ఎక్కువ కాకూడదు. ఎక్కువయితే దోషం అంగఅంగకూ పెరిగి జవాబును మింగివేస్తుంది.

రిచర్డ్‌సన్ గళ్లు సుమారు 200 కిలోమీటర్లవి. గాలిలో అతివేగమైన తరంగం సెకనుకు సుమారు 300 మీటర్లు పోతుంది. ఒక గడిని దాటటానికి దానికి దాదాపు 11 నిమిషాలు చాలు. ఆయన తీసుకున్న అంగ 3 గంటలు. ఒకే అంగ వేసి ఆగినందున 145 మిల్లీబారుల తప్పుకు ఇది కారణం కాలేదు. కాని లెక్కను ఇంకా ముందుకు సాగించి ఉంటే ఈ రెండవ ప్రమాదం తప్పక ఎదురయ్యేది.

33 రోజులు, 33 రాత్రులు

రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో ఫిరంగిగుండ్ల మార్గాలను లెక్కకట్టటానికి ఎనియాక్ అనే ఎలెక్ట్రానిక్ గణనయంత్రాన్ని నిర్మించసాగారు. దానిలో సుమారు 18,000 వాక్యూం గొట్టాలు ఉన్నవి. 1946లో గణితజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ ప్రిన్స్‌టన్‌లో ఒక వాతావరణ గణన పథకాన్ని ప్రారంభించాడు. ఆ పథకానికి బుద్ధిబలమైనవాడు యువ శాస్త్రజ్ఞుడు జూల్ చార్నీ. రిచర్డ్‌సన్ ఎక్కడ జారిపడ్డాడో చార్నీ జాగ్రత్తగా చదివాడు. 1948లో ఆయన సమీకరణాలనే సరళంచేసి, శబ్ద తరంగాలకు, గురుత్వ తరంగాలకు వాటిలో తావు లేకుండా జల్లెడపట్టాడు. వాతావరణాన్ని మార్చే పెద్ద, నెమ్మది కదలికలు మాత్రమే మిగిలినవి. దీనివల్ల కొలతల దోషం అలలుగా విజృంభించదు. కాలపు అంగను కూడా గంటలలో తీసుకోవచ్చు.

1950 మార్చి 5న మేరీలాండులోని అబర్డీన్ సైనిక కేంద్రంలో ఎనియాక్‌మీద పని మొదలయింది. రాత్రింబగళ్లు 33 రోజులు సాగింది. ఐదు పొరలకు బదులు సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒకే మట్టాన్ని తీసుకున్నారు. దానిని 270 బిందువులతో కప్పారు. యంత్రానికి జ్ఞాపకశక్తి బహు స్వల్పం. అందుచేత మధ్య ఫలితాలను కార్డులమీద చిల్లులుగా పొడిచి, మళ్లీ యంత్రానికి అందించవలసివచ్చింది. వాన్ నాయ్‌మన్ భార్య క్లారా ఆ శాస్త్రజ్ఞులకు యంత్రభాష నేర్పి, వారి ఆదేశాలను సరిచూచింది. 24 గంటల జోస్యానికి దాదాపు 24 గంటలు పట్టింది. అయినా ఫలితాలు ప్రకృతికి పోలికగా వచ్చినవి.

చార్నీ ఆ ఫలితాలను వృద్ధుడైన రిచర్డ్‌సన్‌కు పంపించాడు. ఆయన పటాలను భార్య డొరొతీకి చూపించాడు. మొదటి రోజు పటం, యంత్రం గణించిన పటం, ఈ రెండింటిలో ఏది మరునాటి అసలు పటానికి దగ్గరగా ఉన్నదో చెప్పమన్నాడు. మొత్తంమీద యంత్రం వైపే కొద్దిగా మొగ్గు కనిపించింది. తన ఒకేఒక తప్పు జవాబుకన్న ఇది గొప్ప ముందంజ అని అభినందిస్తూ ఆయన చార్నీకి జవాబు రాశాడు. 1953 సెప్టెంబరు 30న ఆయన మరణించాడు. మరుసటి సంవత్సరమే స్వీడన్‌లో గణనయంత్రంతో వాతావరణ జోస్యాలు చెప్పటం మొదలుపెట్టారు. 1955లో అమెరికాలో ఇది దినచర్య అయింది.

అదే లెక్క మరొకసారి

రిచర్డ్‌సన్ అచ్చువేసిన పట్టికలు వృథా కాలేదు. ఐర్లండుకు చెందిన వాతావరణ శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ ఆ లెక్కను కంప్యూటర్‌మీద తిరిగి చేశాడు. మొదటి కొలతలను ఉన్నవి ఉన్నట్లు తీసుకుంటే అదే 145 మిల్లీబారుల పెరుగుదల వచ్చింది. గడ్డికుప్పమీద చేసిన అంకగణితం సరి అయినదేనన్నమాట! తరువాత ఆ కొలతలనుంచి గురుత్వ తరంగాల దోషాన్ని వడగట్టి, మిగిలినదంతా రిచర్డ్‌సన్ పద్ధతిలోనే లెక్కించాడు. మార్పు 1 మిల్లీబారుకన్న తక్కువ అని తేలింది. ఈ కథనంతా ఆయన 2006లో గ్రంథంగా ప్రకటించాడు. 2008లో ఆయన, మరొక సహచరుడు ఎనియాక్ జోస్యాన్ని ఒక సామాన్యమైన నోకియా సెల్‌ఫోనులో చేసి చూపారు. 24 గంటలు పట్టిన పని ఒక సెకనులోపుగా ముగిసింది.

మన తీరవాసులకు ఈ లెక్కల విలువ వేరే చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాదిమందిని పొట్టనబెట్టుకున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంవద్ద తీరం దాటినప్పుడు నష్టం అపారమే. అయినా అది చేరే ప్రాంతం కొన్ని రోజుల ముందే తెలిసినందున పెద్ద సంఖ్యలో ప్రజలను తరలించటం సాధ్యపడింది. ఉపగ్రహాలు, రేడార్లు ఇచ్చే కొలతలను రేపటి స్థితిగా మార్చేది గళ్లుగళ్లుగా సాగే ఈ గణనే. తీరంమీదికి ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చునో లెక్కించే పనిని హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం చేస్తున్నది.

కళాశాల ప్రయోగశాలలో ప్రతి సంవత్సరం నేను చూచే దృశ్యం ఒకటి ఉన్నది. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కొనే విద్యార్థికి 980 రావలసినచోట 1,100 వస్తుంది. అతడు అటూఇటూ చూసి, ఆ పుటను చింపి, పక్కవాని అంకెలను రికార్డులోకి ఎక్కించుకుంటాడు. అతనికి మార్కులు వస్తాయి. కాని పొడవు కొలవటంలో తప్పిందా, డోలనాలు లెక్కపెట్టటంలో తప్పిందా అన్నది అతనికీ తెలియదు, నాకూ తెలియదు. అటువంటి విద్యార్థికి నేను రిచర్డ్‌సన్ గ్రంథంలోని 9వ అధ్యాయం సంగతి చెబుతూ ఉంటాను. చింపిన పుటను తెచ్చి రికార్డులో అతికించమంటాను. పొరపాటు ఎక్కడ జరిగిందో ఆ తరువాత ఇద్దరమూ కూర్చొని వెతుకుతాం.